సంఘం పెద్దలకు: జనవరిలో ఒక హాలు, ఒక తాటిచెట్టు



సిడ్నీలోని తెలుగు సంఘాల అధ్యక్షులవారు, కార్యదర్శిగారు, సాంస్కృతిక విభాగం చూసుకునే అక్కయ్యలు, అన్నయ్యలు అందరూ చదవాలనే ఇలా బహిరంగంగా రాస్తున్నాను. నేనుండేది ద పాండ్స్‌లో. ఇక్కడికి రాకముందు నల్గొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని. కోరిక ఒక్కటే: వచ్చే జనవరి ఆఖర్లో, బడులు తెరిచే ముందు, ఒక శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా మన పిల్లలకు గేమ్ జామ్ పెట్టండి. అంశం నేనే చెబుతున్నాను: ఎక్కడం. చెట్టో, గుట్టో, ధ్వజస్తంభమో వాళ్ల ఇష్టం. మొదటి షరతు ఇది. మీట నొక్కగానే బొమ్మ బల్లిలా గోడ మీద పాకిపోకూడదు. బరువు, ఘర్షణ, తాడు బిగువు లెక్కలోకి రావాలి. పట్టు తప్పితే జారాలి.

గేమ్ జామ్ మాట కొత్తగా వింటున్నవాళ్లకు నాలుగు ముక్కలు చెబుతాను. 2002లో కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో క్రిస్ హెకర్, షాన్ బారెట్ కొందరు మిత్రులను పోగేసి, కొద్ది రోజుల్లో ఎవరికి తోచిన ఆట వాళ్లు తయారుచేయాలన్నారు. దానికి ఇండీ గేమ్ జామ్ అని పేరు పెట్టారు. అదే ఏడాది లూడమ్ డేర్ అనే మరో జామ్ మొదలైంది. 2009 నుంచి జనవరి నెలాఖరులో గ్లోబల్ గేమ్ జామ్ జరుగుతోంది. ప్రపంచమంతా వందల ఊళ్లలో జనం హాళ్లలో చేరి, అప్పటికప్పుడు చెప్పిన అంశం మీద 48 గంటల్లో ఆట కడతారు. అందులో బహుమతుల్లేవు, ర్యాంకుల్లేవు. ఆదివారం సాయంత్రం ఒకరి ఆట ఒకరు ఆడి చూసుకుని ఇంటికి పోతారు. మనం వాళ్ల దగ్గర నమోదు చేసుకుంటే అంశం వాళ్లే ఇస్తారు. అందుకని మొదటి ఏడాది మన జామ్ మనమే పెట్టుకుందాం. కాలం మాత్రం వాళ్లది బాగుంది. అమెరికా పిల్లలకు అది బడుల మధ్య వారాంతం, మనవాళ్లకు వేసవి సెలవులు.

ఇంత తక్కువ వ్యవధిలో ఏం తయారవుతుందని మీకు అనుమానం రావచ్చు. 2013 గ్లోబల్ గేమ్ జామ్‌లో గుండె చప్పుడు వినిపించి ఇదే అంశమన్నారు. ఒక బృందం సర్జన్ సిమ్యులేటర్ చేసింది. వణికే చేతితో శస్త్రచికిత్స చేయాల్సిన ఆ ఆటకు లోకమంతా నవ్వింది. సెలెస్ట్ అనే పర్వతారోహణ ఆటకు మొదటి రూపాన్ని 2015లో మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ నాలుగు రోజుల్లో చేశారు. అది పెద్ద ఆటగా 2018లో వచ్చింది. మన అడిలైడ్ కుర్రాళ్లు అరి గిబ్సన్, విలియం పెలెన్ 2013లో లూడమ్ డేర్‌కి హంగ్రీ నైట్ అనే చిన్న ఆట కట్టారు. అందులో పుట్టిన పురుగు బొమ్మే తర్వాత హాలో నైట్ అనే పెద్ద ఆటకు కథానాయకుడైంది. నిన్న మొన్నటి సంగతి కావాలంటే పీక్. స్వీడన్‌లోని ల్యాండ్‌ఫాల్, అమెరికాలోని ఆగ్రో క్రాబ్ 2025 ఫిబ్రవరిలో సియోల్‌లో ఒకే ఇంట్లో మకాం వేసి నెలరోజుల జామ్‌గా చేసిన ఆట అది. దీవిలో చిక్కుకున్న స్కౌట్ పిల్లలు ఒకరికొకరు చేయందించుకుంటూ కొండ ఎక్కాలి. జూన్‌లో విడుదలైంది, ఆగస్టుకల్లా కోటి ప్రతులు దాటింది.

ఈ కోటి సంఖ్య చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. మనవాళ్ల సంగతి నాకు తెలుసు. సోమవారానికల్లా ఎవరో ఒకరు బ్లాక్‌టౌన్‌లో గేమ్ డెవలప్‌మెంట్ కోచింగ్ సెంటర్ తెరుస్తారు, వారానికి ఇంత ఫీజు, జామ్‌లో గెలుపు గ్యారంటీ అని. దయచేసి ఆ దారి పట్టనివ్వకండి. జామ్ ఆటల్లో నూటికి తొంభై తొమ్మిది సోమవారం పొద్దున్నే మరుగున పడిపోతాయి. పడిపోవాలి కూడా.

ఎక్కడం అనే అంశాన్నే ఎందుకు పట్టుకున్నానో చెబుతాను. భౌతికశాస్త్రం మీద నిలబడే ఎక్కుడు ఆటలకు పేరు తెచ్చినవాడు ఆస్ట్రేలియావాడే, బెనెట్ ఫాడీ. మెల్‌బోర్న్‌లో తత్త్వశాస్త్రం చదివాడు, కట్ కాపీ అనే బృందంలో బేస్ గిటార్ వాయించాడు, ఆ తర్వాత న్యూయార్క్‌లో ఆటల రూపకల్పన పాఠాలు చెప్పాడు. 2011లో గిర్ప్ అని చిన్న ఆట చేశాడు. సముద్రం ఒడ్డున కొండ, కొండ మీద పట్టు దొరికే చోటల్లా ఒక అక్షరం. ఆ అక్షరం మీటను నొక్కి పట్టి ఉంచినంతసేపే చేయి అక్కడ ఉంటుంది. వదిలితే మనిషి కిందికి. కాసేపటికి ఆడేవాడి వేళ్లు కీబోర్డు మీద చిక్కుపడిపోయి, నిజంగా రాయిని పట్టుకున్నట్టే నొప్పి పుడతాయి. 2017లో గెటింగ్ ఓవర్ ఇట్ వచ్చింది. గంగాళంలో కూర్చున్న మనిషి, చేతిలో పెద్ద సుత్తి, ముందు కొండ. ఒక్కసారి జారితే మొదటికే రావచ్చు. పడినప్పుడల్లా ఫాడీ గొంతు ఓటమి గురించి ఏదో తత్త్వం చెబుతుంది. మా అమ్మాయి ఆ గొంతుకు జవాబు చెబుతూ ఆడుతుంది. ఆ జవాబులు ఇక్కడ రాయదగినవి కావు.

ఫాడీకి కొండ దొరికింది. మనకు తాటిచెట్టు ఉంది.

తాటిచెట్టు ఎక్కే గౌడన్నను కళ్లారా చూసినవాళ్లు మన ఉగాది సభకు వచ్చేవాళ్లలో కావలసినంతమంది ఉంటారు. నడుము వెనక నుంచి చెట్టు చుట్టూ తిరిగి వచ్చే మోకు, కాళ్లకు తగిలించుకున్న చిన్న తాడు, మొలకు వేలాడే కత్తి, లొట్టి. వీటితోనే 60, 70 అడుగులు పోతాడు. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఘర్షణ పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలోని వాలు బల్ల, చెక్కదిమ్మె బొమ్మలు పక్కన పెట్టి ఇదే చెప్పేదాన్ని. గౌడన్న చెట్టును కావలించుకోడు, వెనక్కి వాలతాడు. ఎంత వాలితే మోకు అంత బిగుస్తుంది. మోకు ఎంత బిగుస్తే పాదాలు మానుకు అంత గట్టిగా ఒత్తుకుంటాయి. ఒత్తిడి పెరిగితే ఘర్షణ పెరుగుతుంది. మనిషిని పైన నిలబెట్టేది ఆ ఘర్షణే. భయపడి మానుకు దగ్గరగా జరిగాడా, పాదాల మీది ఒత్తిడి తగ్గిపోతుంది, జారుడు మొదలవుతుంది.

లెక్క వేస్తే ఇంకో సరదా బయటపడుతుంది. శరీరం బరువు మానుకు ఎంత దూరాన పడుతోంది, మోకు పాదాలకు ఎంత ఎత్తున ఉంది, ఈ రెండింటి నిష్పత్తే అసలు విషయం. బరువు సమీకరణానికి రెండు పక్కలా వచ్చి కొట్టుకుపోతుంది. బక్కవాడైనా బొద్దువాడైనా నిలబడే సూత్రం ఒకటే. ఈ మాట తరగతిలో చెబితే నల్గొండ పిల్లలు నమ్మేవారు కాదు. కాగితం మీద చేసి చూపిస్తే ముఖాలు మారేవి. తెర మీద ఆడి చూస్తే ఇంకా బాగా ఎక్కుతుంది.

ఇప్పుడు దీన్ని ఆటగా ఊహించండి. ఆడేవాడి చేతిలో రెండే మీటలు, ఒకటి మోకుకు, ఒకటి కాళ్లకు. వెనక్కి వాలి కాళ్లు పైకి జరపాలి. ఆపైన ఒక్క క్షణం ఒంటిని మాను వైపు తెచ్చి, మోకు వదులవగానే పైకి విసిరి, మళ్లీ వాలిపోవాలి. ఆ వదులు క్షణంలో భారమంతా పాదాల మీదే. అక్కడే ఆట ఉంది. కొత్తగా ఆడే ప్రతి పిల్లా భయానికి చెట్టును కరుచుకుంటుంది, జారుతుంది. కాసేపటికి ఎవరూ చెప్పకుండానే వెనక్కి వాలడం నేర్చుకుంటుంది. వాన పడితే మాను జారుడు, ఘర్షణ గుణకం తగ్గించాలి. దిగేటప్పుడు లొట్టి నిండి ఉంటుంది, ఒంటి బరువు పడే చోటు మారుతుంది. ఇంతకు మించి కథ అక్కర్లేదు, రాక్షసులు అక్కర్లేదు, తుపాకీ అసలే అక్కర్లేదు.

కట్టడం ఎంత కష్టమని అడుగుతారేమో. కూడికలు చేసే పని ఫిజిక్స్ ఇంజిన్‌ది. ఎరిన్ కాటో రాసి ఉచితంగా పంచిన బాక్స్ 2డీ అనే ఇంజిన్ ఆంగ్రీ బర్డ్స్ పిట్టలను ఎగరేసింది. యూనిటీ, గోడో లాంటి సాధనాలలో అలాంటివి ముందే అమర్చి ఉంటాయి. గోడో పూర్తిగా ఉచితం. అర్జెంటీనావాళ్లు ఇద్దరు మొదలుపెట్టి 2014లో అందరికీ తెరిచి ఇచ్చారు. ఇంజిన్ సెకనుకు 50 సార్లో 60 సార్లో ప్రతి వస్తువు మీదా బలాలు కూడి, వేగం మార్చి, చోటు మారుస్తుంది. చేయి పట్టుకోవడమంటే దానికి చేతికీ రాయికీ మధ్య ఒక కీలు పుట్టించడం. వదలడమంటే ఆ కీలు తీసేయడం.

పిల్లలు తప్పకుండా చిక్కుపడే చోటు తాడు. చిన్న చిన్న ముక్కలను గొలుసులా కలిపి తాడు చేద్దామని అందరూ అనుకుంటారు. తేలికైన ముక్కల చివర బరువైన మనిషిని వేలాడదీస్తే ఆ తాడు రబ్బరులా సాగుతుంది, జ్వరం వచ్చినట్టు వణుకుతుంది, ఒక్కోసారి మనిషిని ఆకాశంలోకి విసిరేస్తుంది. ఇంజిన్ ఆ కీళ్లను ఒకదాని తర్వాత ఒకటి సర్దుకుంటూ పోతుంది, పొడవైన గొలుసులో బరువుల తేడా ఎక్కువైతే దానికి ఆ కాస్త సమయంలో లెక్క కుదరదు. 48 గంటల్లో దానితో కుస్తీ పట్టడం దండగ. మానుకూ నడుముకూ మధ్య ఇంత దూరానికి మించకూడదని ఒక్క నియమం పెట్టి, తాడును గీతగా గీసేస్తే చాలు. ఆడేవాడికి తేడా తెలియదు. లోపల నిజం ఎంత ఉండాలి, పైకి నటన ఎంత ఉండాలి అనే ఈ బేరమే ఆటల ఇంజనీరింగు. మన పిల్లలు చదివే ఏ కోచింగ్ పుస్తకంలోనూ అది లేదు. సెలెస్ట్ చూడండి, అంచు దాటి గాలిలోకి వెళ్లిపోయాక కూడా కొన్ని క్షణాంశాల పాటు గెంతు ఒప్పుకుంటుంది. భౌతికశాస్త్రం ప్రకారం అబద్ధం. ఆడేవాడి చేతికి మాత్రం అదే న్యాయంగా తోస్తుంది.

ఇక పడడం గురించి. దీని మీద నా మాట గట్టిగానే ఉంటుంది, వినండి.

ఈ రకం ఆటల్లో నవ్వంతా పడడంలోనే పుడుతుంది. గుడ్డబొమ్మలా కాళ్లూ చేతులూ విరజిమ్ముకుంటూ కింద పడే మనిషిని చూసి నవ్వుతాం. గంగాళంలో కూర్చున్న మనిషి పడితే నాకూ నవ్వు వస్తుంది. కల్లుగీత మనిషి పడితే రాదు. చెట్టు మీద నుంచి పడి నడుము విరిగినవాళ్లు, ప్రాణం పోయినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో రక్షణ కిట్లు పంచడం మొదలుపెట్టింది అందుకే. కాబట్టి మన జామ్‌కు ఇది రెండో షరతుగా పెట్టండి: మనిషి నేల మీద పడకూడదు. జారితే మోకు కొంత దూరాన పట్టుకోవాలి, నష్టం లొట్టికి జరగాలి. ఒక్కో కుదుపుకు కొంత ఒలికిపోతుంది. నేల మీదికి వచ్చేసరికి ఎంత మిగిలిందన్నదే లెక్క. ఆట దీనివల్ల చప్పబడుతుందని కుర్రాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. నిండు పాత్ర ఒలకకుండా దించడం కంటే ఉత్కంఠ ఏముంది?

కల్లు అనగానే కార్యవర్గంలో కొందరి ముఖాలు ఎలా మారతాయో ఊహించగలను. పిల్లల కార్యక్రమంలో కల్లేమిటమ్మా అంటారు. సరే, ముంజలు పెట్టుకోండి, గెల కోసి దించమనండి. భౌతికశాస్త్రానికి అభ్యంతరం లేదు. కానీ ఆ వృత్తి పేరు మాత్రం చెరిపేయకండి. మన సంఘాల్లోనే తాతల కాలం దాకా ఆ మోకు పట్టిన ఇళ్లవాళ్లు ఉంటారు, ఇవాళ ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉంటారు. వాళ్లలో ఒకరు ఇష్టపడి ముందుకొస్తే శుక్రవారం సాయంత్రం పదిహేను నిమిషాలు పిల్లల ముందు కూర్చోబెట్టండి. మోకు ఎలా విసురుతారో, వానాకాలం ఏం చేస్తారో చెప్పమనండి. ముఖ్య అతిథి ప్రసంగం కంటే అది పనికొస్తుంది. ముఖ్య అతిథిని అసలు పిలవకండి. జ్ఞాపికలు, శాలువాలు, దీపప్రజ్వలన కూడా ఈ ఒక్కసారికి మినహాయించండి.

తాటిచెట్టు వద్దనుకున్న జట్టుకు భువనగిరి గుట్ట ఉంది. ఊరి మధ్యన ఒకే బండగా లేచిన ఆ గుట్ట మీదే సంక్షేమ గురుకులాల పిల్లలు ఎక్కడం నేర్చారు. వాళ్లలో నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్టు ఎక్కింది. తోటి విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా ఆమెతో శిఖరం చేరాడు. ద పాండ్స్‌లో ఆరో తరగతి చదివే పిల్లలకు ఎడ్మండ్ హిల్లరీ తెలుసు. పూర్ణ పేరు ఎంతమందికి తెలుసో మీరే అడిగి చూడండి.

భాష సంగతి కూడా ఇందులోనే తేలుతుంది. 2021 జనగణనలో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 59 వేలమంది. ఆ ఇళ్లలో పిల్లలు తెలుగు వింటారు, ఇంగ్లీషులో జవాబిస్తారు. తెలుగు బడి పంతుళ్లు పడే పాట్లు మీకు చెప్పక్కర్లేదు. ఆటలో అక్షరాలు తెలుగులోనే ఉండాలని మూడో షరతు పెట్టండి. ఫాడీ కొండ మీద ఇంగ్లీషు అక్షరాలు పెట్టినట్టు మనవాళ్లు గుట్ట మీద మన వర్ణమాల పెట్టుకోవచ్చు, అ పట్టుకుంటే ఆ, ఆ పట్టుకుంటే ఇ. ఒక హెచ్చరిక: గోడోలో పాత మూడో తరం కూర్పులు వాడితే గుణింతాలు, వత్తులు విడివిడిగా చెల్లాచెదురవుతాయి. 2023లో వచ్చిన నాలుగో తరంతో ఆ బాధ తీరింది. మన లిపి కంప్యూటర్లకు ఎప్పుడూ పరీక్షే. 2018లో జ్ఞ ఉన్న ఒక అక్షర కూర్పు సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి. ఆపిల్ హడావుడిగా సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. ఇలాంటి కథలు విన్న పిల్లలకు లిపి మీద కాస్త గౌరవం కలుగుతుంది.

తల్లిదండ్రుల అభ్యంతరం ముందే వినిపిస్తోంది. తెర చూడొద్దని మేం మొత్తుకుంటుంటే రెండు రోజులు తెర ముందు కూర్చోబెడతారా? 2025 డిసెంబరు 10 నుంచి ఈ దేశంలో 16 ఏళ్లు నిండని పిల్లలకు పెద్ద సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు ఉండకూడదని చట్టం అమల్లోకి వచ్చింది. మనం సంతోషించాం. తీసేసిన చోట ఏం పెట్టామని ఎవరూ అడగలేదు. చాలా ఇళ్లలో ఆ ఖాళీని సెలెక్టివ్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష కోచింగ్ ఆక్రమించుకుంది. ఆడే పిల్లను కట్టే పిల్లగా మార్చే రెండు రోజులు అడుగుతున్నాను, అదీ పక్క పిల్లలతో కలిసి, ఒకే బల్ల దగ్గర. నలుగురి జట్టులో ఒకరు కోడ్ రాస్తారు, ఒకరు బొమ్మలు గీస్తారు, ఒకరు చప్పుళ్లు చేస్తారు, ఒకరు ఆడి చూసి తప్పులు పడతారు. శనివారం మధ్యాహ్నం జట్టులో తప్పకుండా తగాదా వస్తుంది. పెద్దలెవరూ తీర్పు చెప్పకండి, ఏది వదిలేయాలో వాళ్లే తేల్చుకోవాలి. పాప కోడ్‌ను నాన్న రాసిపెట్టడం నిషేధమని గుమ్మం దగ్గరే రాసి అంటించండి. ఆ నాన్నలు ఎవరో మనందరికీ తెలుసు.

కావలసినవి పెద్దగా లేవు. ద పాండ్స్ కమ్యూనిటీ హబ్ కానీ కౌన్సిల్‌వారి మరో హాలు కానీ. చల్లగా ఉండాలి, పశ్చిమ సిడ్నీ జనవరి ఎండ ఎలాంటిదో తెలుసు కదా, 2020 జనవరి 4న పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. ప్లగ్గులు, నాలుగు పొడిగింపు తీగలు, నమ్మదగిన ఇంటర్నెట్. కొత్త కంప్యూటర్లు కొనక్కర్లేదు, 2డీ ఆటకు పాత ల్యాప్‌టాప్ చాలు. 48 గంటలన్నది గడువు, జాగారం కాదు. రాత్రి తొమ్మిదికల్లా పిల్లలను ఇళ్లకు పంపేయండి. సాయం చేసే పెద్దలందరికీ వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ ఉండాలి, స్వచ్ఛంద సేవకులకు అది ఉచితం. దూరం నుంచి వచ్చేవాళ్లకు టాలవాంగ్ మెట్రో స్టేషన్ దగ్గర్లోనే ఉంది. ఆడపిల్లలు సగమైనా ఉండేలా చూడండి. అడిగితే వస్తారు, అడగకపోతే మగపిల్లలే నిండిపోతారు. ఇది క్లాసులో పాఠాలు చెప్పిన అనుభవంతో అంటున్న మాట.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మీరంతా రండి. వేదిక మీదికి కాదు, బల్లల దగ్గరికి. ప్రతి ఆటా ఆడండి. జారిపడండి. మీరు ఎక్కలేని చెట్టును పదేళ్ల పిల్ల ఎక్కి చూపిస్తే చప్పట్లు కొట్టండి.

సెలవుల్లో హాళ్లు తొందరగా అయిపోతాయి, అక్టోబరులోపే అడగాలి. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ ఉత్తరాన్ని చర్చకు పెట్టి, అవునో కాదో చెప్పండి. అవునంటే శుక్రవారం రాత్రి పులిహోర, ఘర్షణ మీద అరగంట పాఠం నా బాధ్యత.

ఇట్లు,
ద పాండ్స్ నుంచి ఒక తెలుగు అమ్మ